కొన్న పాతతోటలో ఏ మొక్క ఏదో తేల్చుకోవడం: ఫోను, ఊరివాళ్ళు, కళాశాల – దేనికి ఏది నమ్మాలి

అయిదారేళ్ళు ఎవరూ అడుగుపెట్టని పది సెంట్ల తోట చేతికొస్తే, అనంతపురంలోనైనా కడపలోనైనా మొదట గుర్తొచ్చేది జేసీబీ. గంట లెక్కన మాట్లాడితే సాయంత్రానికి నేల చదునైపోతుంది. ఆ చదునుతో పాటు ఏమేం పోయాయో మాత్రం తెలియదు. కంపచెట్ల (సర్కారు తుమ్మ) నడుమ మళ్ళీ కాపుకు తేగలిగిన చీనీ (బత్తాయి) చెట్టు ఉండొచ్చు, గోడ వారన ఎర్రచందనం మొక్క ఉండొచ్చు. జేసీబీ పళ్ళకు అన్నీ ఒకటే. పోవాల్సినవేమో పోవు. తుంగగడ్డలు మట్టితో కలిసి తోటంతా చెదురుతాయి. నేలమట్టానికి విరిగిన కంపచెట్టు వాన పడగానే మొదట్లోంచి గుత్తిగా చిగురిస్తుంది.

కాబట్టి ముందు పేర్లు తేలాలి. అందుకు దారులు నాలుగున్నాయి: ఫోన్ యాప్, ఊరి మనుషులు, ఎండబెట్టిన కొమ్మను వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళకు చూపించడం, ఏడాది తిరిగేదాకా ఊరికే కనిపెట్టి ఉండడం. వీటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు రాదు. ఆ మొక్కతో మీరేం చేయబోతున్నారన్నది అడగాలి. పీకి పారేయడానికి సరిపోయే నమ్మకం కూర వండుకోవడానికి సరిపోదు. చెట్టు కొట్టడానికి కావలసిన నమ్మకం వేరే, అలాగే ఉంచుకోవడానికి కావలసింది వేరే.

లోపలికి వెళ్ళే ముందు

మోకాళ్ళదాకా గమ్‌బూట్లు, మందమైన చేతితొడుగులు, పొడవాటి కర్ర ఉండాలి. రబ్బరు చెప్పులు పనికిరావు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని పాదంలో విరుగుతుంది, విరిగిన ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది. ఎండిన ఆకుల కింద రక్తపింజర కదలకుండా పడుకుంటుంది కాబట్టి అడుగు వేసే ముందు కర్రతో నేల తట్టాలి.

మొదటి రోజు మీటరు వెడల్పున ఒక దారి మాత్రం చేసుకోండి. కొడవలితో చీలమండ ఎత్తుకు కోయాలి గానీ పీకకూడదు. కోసింది మళ్ళీ చిగురిస్తుంది, పొరపాటైనా దిద్దుకోవచ్చు. తర్వాత తాడు కట్టి తోటను 5 మీటర్లకు 5 మీటర్ల గళ్ళుగా విడగొట్టండి. పది సెంట్లంటే సుమారు 405 చదరపు మీటర్లు, అంటే 16 గళ్ళు. గడికో నంబరు, మొక్కకో నంబరు వేయండి. గుడ్డపీలికలు మూడు రంగులవి చాలు: తెలియనిదానికి తెల్లది, ముట్టకూడనిదానికి ఎర్రది, ఉంచాల్సినదానికి పచ్చది. మొదట్లో తోటంతా తెల్లగానే కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

ఫోను ఎంతవరకు

గూగుల్ లెన్స్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది, ఉచితం. నర్సరీల్లో అమ్మే మొక్కల్ని, అంటే మందారం, కాగితంపూలు, నూరువరహాలు, క్రోటన్ల వంటివాటిని బాగానే పట్టుకుంటుంది. ఇంటర్నెట్‌లో వాటి బొమ్మలు కోకొల్లలు కాబట్టి ఆ సులువు. కలుపు మొక్కల దగ్గర, ముళ్ళచెట్ల దగ్గర తడబడుతుంది.

ప్లాంట్‌నెట్ ఫ్రాన్సు పరిశోధన సంస్థలు తయారుచేసింది, మొక్కల కోసమే. ఇది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని విడివిడిగా అడుగుతుంది. ఒకే మొక్కవి నాలుగైదు ఫోటోలు కలిపి ఇవ్వొచ్చు. ఎంత నమ్మకంగా చెబుతోందో శాతంలో చూపిస్తుంది. ఆకు ఒక్కటే ఇచ్చినప్పుడు 20 శాతం చూపినది, పువ్వు కూడా చేరిస్తే 80 దాటడం మామూలే. పాతతోటకు మొదటి యాప్ ఏదంటే మా ఓటు దీనికే.

ఐనాచురలిస్ట్ దారి వేరు. అందులో ఫోటో పెడితే యాప్ ఒక ఊహ చెబుతుంది, ఆ తర్వాత మొక్కలు తెలిసిన మనుషులు చూసి ఒప్పుకోవడమో దిద్దడమో చేస్తారు. జవాబుకు రోజులు పట్టొచ్చు గానీ, వస్తే దాని విలువే వేరు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫోటోతో పాటు తోట ఉన్న చోటు కూడా అందరికీ కనిపిస్తుంది. శ్రీగంధమో ఎర్రచందనమో అని అనుమానమున్న చెట్టు ఫోటో పెట్టేముందు సెట్టింగుల్లో చోటును మరుగు చేయండి. డబ్బు కట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. ఈ పనికి అవి అదనంగా ఇచ్చేది పెద్దగా లేదు.

యాప్ తప్పు చెప్పడానికి చాలాసార్లు కారణం ఫోటోయే. మన దగ్గర ఆకు మీద దుమ్ము పొర ఉంటుంది, ముందు నీళ్ళు చల్లి కడగాలి. ఉదయం 7 నుంచి 9 లోపు, నీడలో తీయాలి. వెనక నల్లగుడ్డ పట్టుకుంటే పక్క మొక్కల ఆకులు కలవవు. ఒక్కో మొక్కకు మొత్తం ఆకారం, బెరడు, ఆకు పైభాగం, ఆకు అడుగు, ఆకు కాడకు అతికిన చోటు, పువ్వు, కోసిన కాయ ఉండాలి. కొలత తెలియడానికి పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు రెబ్బను ఆకు అనుకోవడం. వేపలో మనం ఆకు అని పిలిచేది నిజానికి రెబ్బ. ఈనెకు అటూ ఇటూ ఉన్న రెబ్బలన్నీ కలిస్తేనే ఒక ఆకు. మొగ్గ ఎక్కడుందో చూస్తే ఇది తేలిపోతుంది. ఆకు కాడ మొదట్లో, కొమ్మకు అతికేచోట మొగ్గ ఉంటుంది, రెబ్బ మొదట్లో ఉండదు. ఒక్క రెబ్బ తుంచి ఫోటో తీస్తే ఏ యాపైనా దారి తప్పుతుంది.

రెండు యాప్‌లు ఒకే మాట చెబితే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపు వరకు నమ్మండి. అందులో ఏ మొక్కో మాత్రం పువ్వో కాయో చూశాకే.

ఊరి మనుషులకు తెలిసింది

గొర్రెలు కాసేవాళ్ళకు ఏ ఆకు తింటే జీవం కడుపుబ్బి చస్తుందో తెలుసు, ఏ ముల్లు ఏ చెట్టుదో కాలికి తెలుసు. కలుపు తీసే ఆడవాళ్ళు రెండాకుల మొలకప్పుడే గురుగు ఏది, చెంచలి ఏది, గలిజేరు ఏది చెప్పేస్తారు. ఈ పని ఏ యాప్‌కూ చేతకాదు. యాప్‌లకు నేర్పిన ఫోటోల్లో ఎక్కువ భాగం పెరిగి పూసిన మొక్కలవి, మొలకలవి తక్కువ.

వీళ్ళను అడిగే తీరు ముఖ్యం. ఫోన్లో బొమ్మ చూపించకండి, తోటకే తీసుకురండి. “ఇది తిప్పతీగే కదా?” అని మీరే పేరు అందిస్తే “ఔ” అనే జవాబే వస్తుంది. “దీన్నేమంటారు? జీవాలు తింటాయా? తుంచితే పాలు కారతాయా? ఎప్పుడు పూస్తుంది?” అని అడగండి. ఒకరికి తెలియకుండా మరొకరిని అడిగి, ఇద్దరి మాటా కలిస్తే రాసుకోండి.

వాళ్ళ లోటు కూడా చెప్పాలి. అలంకారానికి పెంచే విదేశీ మొక్కలు వాళ్ళకు కొత్త. అంతకన్నా చిక్కు పేర్లది. అడవి తులసి అన్న ఒక్క పేరుతో మూడు నాలుగు వేరువేరు మొక్కల్ని పిలుస్తారు. ఆదోని వైపు ఉన్న పేరు రాయచోటి వైపు మరో మొక్కకు ఉండొచ్చు. అందుకే ఊరిపేరు పక్కన యాప్ చెప్పిన శాస్త్రీయ నామాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. రెండూ ఒకే మొక్కవా కాదా అన్నది తర్వాత సరిచూసుకోవచ్చు.

ఎండబెట్టిన కొమ్మ

నెమ్మది దారి ఇది, గట్టి దారి కూడా ఇదే. పువ్వో కాయో ఉన్న కొమ్మను 30–40 సెంటీమీటర్ల పొడవున కోసి వార్తాపత్రికల నడుమ పరచాలి. రెండు మూడు ఆకుల్ని అడుగు పైకి కనిపించేలా తిప్పాలి. పైన అట్ట, ఆ పైన బరువు. మొదటి నాలుగైదు రోజులు రోజూ కాగితం మార్చకపోతే బూజు పడుతుంది, ఆకు నల్లబడుతుంది. మన ఎండలకు వారం పది రోజుల్లో ఆరిపోతుంది. నల్లేరు, జెముడు వంటి నీటికండ మొక్కలు కాగితాల నడుమ కూడా బతికే ఉండి ఆకులు రాల్చేస్తాయి. వాటిని నిమిషం పాటు మరిగే నీళ్ళలో ముంచి తీసి పరచాలి. పూల రంగు, వాసన, పాలు, చెట్టు ఎత్తు ఎండాక తెలియవు కాబట్టి కోసినరోజే చీటీ మీద రాయాలి. ఒక కొమ్మ ఇవ్వడానికి, ఒకటి మీ దగ్గర ఉంచుకోవడానికి – రెండు చేయండి.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికి ఎండిన మొక్కల భాండాగారం ఉంది, ఈ ప్రాంతపు మొక్కలతో పోల్చి చూడొచ్చు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. కర్నూలువాళ్ళు దగ్గరి డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులను అడగొచ్చు. పండ్లచెట్టో పొలం కలుపో అయితే కృషి విజ్ఞాన కేంద్రమే సరైన చోటు. కడప దగ్గర ఊటుకూరులో, అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో, కళ్యాణదుర్గంలో, బనగానపల్లె దగ్గర యాగంటిపల్లెలో ఉన్నాయి. నలభై మొక్కలు మోసుకెళ్ళకండి. మిగతా దారుల్లో తేలని నాలుగైదు తీసుకెళ్తే శ్రద్ధగా చూస్తారు.

ఒకదాన్ని చూసి మరొకటనుకునేవి

తోటలో సగం గందరగోళం ముళ్ళచెట్లదే. కంపచెట్టు అనే సర్కారు తుమ్మను పీకాలి, జమ్మిని ఉంచాలి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. ముల్లు ఎక్కడుందో చూడండి. సర్కారు తుమ్మకు, నల్ల తుమ్మకు, తెల్ల తుమ్మకు ముళ్ళు కణుపు దగ్గర, ఆకు పుట్టేచోట ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కాడ మీద, గులాబీ ముల్లులా పొట్టిగా, అడుగున వెడల్పుగా ఉంటాయి. పువ్వు వచ్చాక ఇంకా తేలిక. సర్కారు తుమ్మకూ జమ్మికీ పొడవాటి కంకులు, తుమ్మలు రెండింటికీ గుండ్రటి బంతులు. నల్ల తుమ్మవి పసుపు, తెల్ల తుమ్మవి మీగడ రంగులో కొమ్మల చివర పెద్ద గుత్తులు. నల్ల తుమ్మ కాయ గింజ గింజకూ నొక్కుతో పూసలదండలా బూడిద రంగులో ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ పండితే పసుపుగా, కండతో తియ్యగా ఉంటుంది. మేకలు దాన్ని తిని పెంటికల్లో గింజలు చల్లుతాయి, కాబట్టి తోటలోకి మేకల్ని తోలి శుభ్రం చేయిద్దామనుకునేవాళ్ళు కాయలు లేని నెలల్లో తోలాలి. పీకేటప్పుడు చుట్టూ పారతో 20–30 సెంటీమీటర్లు తవ్వి, వేరుమొదలు కిందుగా గొడ్డలితో కొట్టాలి. చిగురించే మొగ్గలన్నీ నేలకు కాస్త కింద ఉండే ఆ మొదలులోనే ఉంటాయి.

వేప, తురకవేప తేడా పిల్లలున్న ఇంటికి అవసరం. వేపలో ఈనెకు రెబ్బలు నేరుగా ఉంటాయి. తురకవేపలో ఈనె కొమ్మలుగా చీలి, ఆ చీలికలకు రెబ్బలుంటాయి. పూలు ఊదారంగు కలిసి ఉంటాయి. ఆకులు రాలాక కూడా పసుపు కాయలు గుత్తులుగా చెట్టునే వేలాడతాయి. ఆ కాయలు విషం.

కషాయం అలవాటు పెరిగాక ఎక్కువ ప్రమాదం తెస్తున్నవి గుండె ఆకారపు ఆకుల తీగలు. నాలుగింటిని విడదీయడం తెలిసి ఉండాలి. తిప్పతీగకు పాలు రావు. ముదురు కాడ మీద బుడిపెలు, పలచని కాగితంలా ఊడే పొర, కొమ్మల నుంచి దారాల్లా వేలాడే వేళ్ళు ఉంటాయి. దుష్టపుతీగను తుంచితే పాలు కారతాయి, నలిపితే వెగటు వాసన, కాయలు కొమ్ముల్లా జంటగా, మెత్తటి ముళ్ళతో ఉంటాయి. దూసరతీగకు లేతకాడా ఆకూ నూగుతో మెత్తగా ఉంటాయి, ఆకు నీళ్ళలో పిసికితే కాసేపటికి ఆ నీరు జున్నులా గడ్డకడుతుంది. నాలుగోది గాడిదగడపాకు. నల్లరేగడిలో నేల మీద పాకుతుంది, ఆకు బూడిద కలిసిన పచ్చ, పువ్వు ముదురు ఊదాతో చిన్న గొట్టంలా ఉంటుంది. ఇందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. ఫోటో చూసి తిప్పతీగ అనుకుని ఏ తీగనూ కాచి తాగకండి.

ఆకుకూరల దగ్గర పాల పరీక్ష ప్రాణం కాపాడుతుంది. పావిలాకు కాడ లావుగా నీటికండతో ఉంటుంది, తుంచితే నీరే వస్తుంది. దాని పక్కనే నేలకు పరుచుకునే నానబాలు మొక్కకు తెల్లటి పాలు వస్తాయి, తినకూడదు. గలిజేరు కూడా పావిలాకులా కనిపిస్తుంది గానీ దాని ఆకుల జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నానబాలు పాలు చేతికంటితే వెంటనే కడుక్కోండి. జిల్లేడు పాలతో మరీ జాగ్రత్త. కంట్లో పడితే నొప్పి అంతగా ఉండకపోవచ్చు, కొన్ని గంటలకు చూపు మసకబారుతుంది. పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి, నొప్పి లేదని ఊరుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఎర్ర గుడ్డ కట్టాల్సినవి ఇంకా కొన్ని. గన్నేరుకు కణుపుకు మూడేసి ఆకులు. పచ్చ గన్నేరుకు సన్నటి ఆకులు ఒక్కొక్కటిగా, పసుపు గొట్టంపూలు, లోపల గట్టి టెంక ఉన్న కాయ. రెండూ గుండెను ఆపే విషాలు. కొట్టిన కొమ్మల్ని మేకలకు వేయకండి, పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా హానే. చిక్కుడులా మూడు రెబ్బలతో పాకే తీగకు కాయల మీద బంగారు రంగు నూగుంటే అది దూలగొండి. కాయలు ఎండితే ఆ నూగు గాలికి లేస్తుంది, పచ్చిగా ఉన్నప్పుడే తీసేయాలి. జూన్ వానలకు పుట్టి ఆకు కొస నులితీగలా చుట్టుకునే మొక్క అడవి నాభి. దాని గడ్డ తింటే చావే. వయ్యారిభామను చూసి మాచిపత్రి అనుకునేవాళ్ళున్నారు. మాచిపత్రి ఆకు అడుగు తెల్లటి నూగుతో ఉంటుంది, నలిపితే ఘుమఘుమలాడుతుంది. వయ్యారిభామ కాదని తేలేదాకా ఒట్టి చేతులతో ముట్టకండి. పూయకముందే వేళ్ళతో సహా తీయాలి.

చీనీ చెట్టు మిగిలిందా, మొదలు మిగిలిందా

అనంతపురం, కడప తోటల్లో అన్నిటికన్నా డబ్బుతో ముడిపడిన ప్రశ్న ఇది. చీనీని రంగపూర్ నిమ్మ వంటి వేరుమూలం మీద అంటుకడతారు. నీళ్ళు లేక పైనున్న చీనీ చచ్చిపోతే కింది నిమ్మ చిగురించి చెట్టవుతుంది. దూరానికి పచ్చగా చీనీలాగే ఉంటుంది, ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినా పుల్లటి చిన్న కాయలే కాస్తుంది. నేల నుంచి జానెడు ఎత్తులోపు బెరడు మీద ఒక చుట్టు, లావులో తేడా కనిపించేదే అంటు కట్టిన చోటు. కొమ్మలన్నీ దానికి కిందినుంచే వస్తే అది నిమ్మ. రంగపూర్ చిగుళ్ళు, మొగ్గలు ఊదారంగు తేలతాయి, కాయ లోపలా బయటా నారింజ రంగు. చీనీ మొగ్గ తెల్లన, ఆకు పెద్దది, మందం. అంటుకు పైన ఒక్క కొమ్మ సజీవంగా ఉన్నా చెట్టు దక్కినట్టే. కిందివి మొదలుకంటా కోసేసి ఆ కొమ్మను పెంచుకోవచ్చు. ఇది ఏ యాపూ చెప్పలేదు, వంగి మొదలు చూడాలి. రేగులో, మామిడిలో కూడా ఇదే పరీక్ష.

ఎర్రచందనమైతే

ఆకుకు మామూలుగా మూడు రెబ్బలు, గుండ్రటివి. బెరడు నల్లగా, మొసలి చర్మంలా పలకలుగా పగులుతుంది. కాయ చుట్టూ రెక్క ఉండి బిళ్ళలా కనిపిస్తుంది. దీని దగ్గరి చుట్టం వేగిసకు అయిదు నుంచి ఏడు రెబ్బలు. అనుమానమొస్తే గాటు పెట్టి చూడకండి. పట్టా భూమిలో ఉన్నా ఎర్రచందనాన్ని, శ్రీగంధాన్ని అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, తరలించకూడదు. పేరు తేల్చుకోవడానికి కూడా ఆ శాఖ రేంజి కార్యాలయానికే వెళ్ళడం మేలు.

ఇక ఎంపిక

కలుపు పీకడానికి: కలుపు తీసే ఒక మనిషి మాట, ప్లాంట్‌నెట్ మాట కలిస్తే చాలు. కలవకపోతే కోయండి, పీకకండి.

ముంజేతి లావు దాటిన చెట్టుకు: ఫోను చాలదు. పువ్వో కాయో చూసి, ఇద్దరు మనుషుల్ని అడిగి, అప్పటికీ తేలకపోతే ఎండిన కొమ్మ తీసుకెళ్ళండి. కొట్టడం ఏడాది ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

తినడానికి: ఆ ఊళ్ళో ఆ ఆకును వండుకు తినే మనిషి మీ తోటలో నిలబడి చూపించాలి, పువ్వు చూడాలి, శాస్త్రీయ నామం సరిపోవాలి. మూడింటిలో ఏది తగ్గినా వద్దు. రుచి చూసి తేల్చుకోవడం అసలు పరీక్షే కాదు. పిల్లలు పొరపాటున ఏదైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ మొక్క కొమ్మను, మిగిలిన కాయను వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. ఏం తిన్నారో తెలిస్తే వైద్యం తొందరగా మొదలవుతుంది.

ఉంచుకోవడానికి: విషం కాదని, కంప కాదని తేలితే చాలు, పేరు తర్వాత తెలుసుకోవచ్చు.

కనిపెట్టి చూడడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వానను బట్టి ఉంటుంది. తోట వేసవిలో చేతికొస్తే సగం మొక్కలు నేలలోనే ఉంటాయి. కర్నూలు వైపు జులై, ఆగస్టుల్లో, అనంతపురంలో సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఈశాన్య వానలు కూడా అందుకునే కడపలో నవంబరు దాకా కొత్తవి మొలుస్తూ పూస్తూ ఉంటాయి. ఈ నెలల్లో పదిహేను రోజులకోసారి పదహారు గళ్ళూ తిరిగి, ఏ నంబరు పూసిందో కాసిందో రాసుకోండి. మళ్ళీ వానలు వచ్చేనాటికి ఇంకా తెల్ల గుడ్డతోనే ఉన్న మొక్కకు దిగువ రాలిన కాయల్ని కాగితం కవర్లో వేసి, నంబరు, తేదీ రాసి పెట్టండి. కళాశాలకు తీసుకెళ్ళే కొమ్మతో పాటు ఆ కవరు కూడా ఇస్తే, పువ్వు దొరకని మొక్క కూడా కాయను బట్టి తేలుతుంది.